'ఒరిజినల్ ఒరిజినలే' గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన 'ఒరిజినల్ ఒరిజినలే' గారికి,

నమస్కారం. మీరు మనిషి కాదనీ, జనం నోట్లో నానే ఒక మాట మాత్రమేననీ తెలుసు. అయినా హైదరాబాద్‌లో మీకున్న పలుకుబడి చాలామంది కార్పొరేటర్లకు లేదు. ఇంగ్లండు బ్యాండ్ బీటిల్స్ పాటలు రెండు కలిపి ఎవరో మాష్‌అప్ చేశారని చెవిన పడితే చాలు, పాట మొదలయ్యేలోపే మీరు హాజరు. తీర్పు చెప్పేశాక వినాలో వద్దో ఆలోచిస్తారు. ఎక్కువసార్లు వద్దనే అనుకుంటారు.

మొన్న వెస్ట్ మారేడ్‌పల్లిలో మా బావ వాళ్ళ డాబా మీద మీరే స్వయంగా విచ్చేశారు కాబట్టి ఈ లేఖ. అక్కడ కూర్చున్నవాళ్ళంతా రైల్వేలోనో బ్యాంకులోనో చేసి రిటైరైన బీటిల్స్ భక్తులు. మా అబ్బాయి ఫోన్‌ను స్పీకర్‌కు కలిపి, 2006లో వచ్చిన 'లవ్' ఆల్బమ్‌లోంచి ఒకటి పెట్టాడు. కింద 1966 నాటి 'టుమారో నెవర్ నోస్' డ్రమ్ములు, వాటి మీద 1967 నాటి 'వితిన్ యూ వితౌట్ యూ'లోని జార్జ్ హారిసన్ గొంతు. బీటిల్స్ డ్రమ్మర్ రింగో దరువు అందుకునేసరికి మా బావ మోకాలు ఊగడం మొదలైంది. ముంచిన ఉస్మానియా బిస్కెట్ విరిగి చాయ్‌లో పడినా చూసుకోలేదు. నోట్లోంచి మాత్రం మీరు వచ్చారు.

"బంద్ చెయ్‌రా అది. ఒరిజినల్ ఒరిజినలే."

మోకాలు ఇంకా ఊగుతూనే ఉంది.

"రెండూ ఒరిజినల్సే కదా మామయ్యా," అన్నాడు మావాడు.

"రెండు ఒరిజినల్స్ కలిపితే డూప్లికేట్ అయితది." ముప్పై ఏళ్ళకు పైగా బ్యాంకులో లెక్కలు రాసిన మనిషి అన్న మాట ఇది.

"కలిపింది ఎవరనుకున్నావ్? జార్జ్ మార్టిన్, ఆయన కొడుకు జైల్స్."

"ఎవరూ, మన మార్టినేనా?" బీటిల్స్ రికార్డుల ప్రొడ్యూసర్ అన్నమాట.

"ఆయనే."

"అట్ల చెప్పాలె గదరా ముందుగాల. మల్లొక్కసారి పెట్టు."

అయ్యా, మీ గుట్టు నాకు అక్కడే దొరికింది. పాటలు కలిపారన్నది మీ బాధే కాదు. కలిపినవాడి ఇంటిపేరేమిటన్నదే మీకు కావాలి.

2004 గుర్తు చేసుకోండి. డేంజర్ మౌస్ అని ఒక కుర్రాడు బీటిల్స్ 1968 నాటి తెల్లట్ట ఆల్బమ్‌ను ముక్కలు కోసి, అమెరికా ర్యాపర్ జే-జీ 2003 నాటి 'బ్లాక్ ఆల్బమ్' గొంతు కింద పేర్చాడు. తెలుపూ నలుపూ కలిశాయి కాబట్టి 'గ్రే ఆల్బమ్' అని పేరు పెట్టాడు. రీమిక్స్ చేసుకోండంటూ జే-జీ వైపు నుంచి వట్టి గొంతు మాత్రమే ఉన్న రికార్డు అప్పటికే బయటికొచ్చింది. బీటిల్స్ రికార్డుల హక్కులున్న ఈఎంఐ మాత్రం లాయర్ నోటీసు పంపింది. ఆ నోటీసుకు ఒళ్ళు మండి, ఫిబ్రవరి 24న ఎన్నో సైట్లు ఆ ఆల్బమ్‌ను ఒకరోజు ఉచితంగా పెట్టేశాయి. బీటిల్స్‌లో ఒకరైన పాల్ మెకార్ట్నీ అయితే తర్వాత, నాకేం అభ్యంతరం లేదు, కంపెనీయే గొడవ చేసిందన్నారు. దేవుడికి లేని కోపం పూజారికన్నమాట. మూడేళ్ళు తిరక్కుండానే అదే కోత, అదే అతుకు, బీటిల్స్ రికార్డు చేసిన అబ్బీ రోడ్ స్టూడియో తాళంచెవులున్న తండ్రీకొడుకులు చేస్తే రెండు గ్రామీలు వచ్చాయి.

నన్నడిగితే 'లవ్' బాగుంటుంది గానీ, పెళ్ళిచూపులకు వచ్చిన పిల్లాడిలా మరీ ఒద్దిగ్గా కూర్చుంటుంది. 'గ్రే ఆల్బమ్'లో జే-జీ '99 ప్రాబ్లమ్స్' కింద బీటిల్స్ 'హెల్టర్ స్కెల్టర్' గిటార్ రంపంలా కోస్తుంటే వచ్చే కిక్కు అందులో లేదు. మీరిది ఒప్పుకోరు. వింటే కదా ఒప్పుకోవడానికి!

వంశం చూసి పాటను మెచ్చుకోవడం మా తెలుగువాళ్ళకేం కొత్త కాదు లెండి. 1977లో 'యమగోల'లో తాత ఆడిన 'ఓలమ్మీ తిక్కరేగిందా'కు 2007లో 'యమదొంగ'లో మనవడు ఆడాడు. 1991 'గ్యాంగ్ లీడర్'లో తండ్రి తడిసిన వాన 2012 'రచ్చ'లో కొడుకు మీద కురిసింది. ఆ రోజుల్లో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లలో ఎంత వెతికినా మీరు కనబడలేదు. సీట్లెక్కి కాగితాలు చింపి ఎగరేస్తున్న గుంపులో ఉన్నారేమో మరి. అదే పాటను కూకట్‌పల్లి హాస్టల్లో ఎవడో ల్యాప్‌టాప్ మీద కలిపి ఉంటే, సంస్కృతి మంటగలిసిందని మొదట అరిచేది మీరే.

ఇంతకీ మీరు కాపలా కాస్తున్న ఆ ఒరిజినల్ ఏది? బీటిల్స్ 'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్' ఒకే ఊపులో పాడిన పాట కాదు. ఏడో టేక్ మొదలు, ఇరవై ఆరో టేక్ చివర నచ్చాయి పాట రాసి పాడిన జాన్ లెనన్‌కి, రెండూ కలిపెయ్యమన్నాడు. శ్రుతి వేరు, వేగం వేరు. మార్టిన్, ఇంజనీర్ జెఫ్ ఎమరిక్ కలిసి టేపుల వేగం అటూ ఇటూ మార్చి, కత్తిరించి అతికించారు. సరిగ్గా ఒక నిమిషం దగ్గర ఆ అతుకు ఇప్పటికీ వినబడుతుంది. మీరు గుండెలకు హత్తుకున్న పాటే పుట్టుకతో అతుకుల బొంత.

మా బావ విన్న ఒరిజినల్ సంగతి ఇంకా ఘనం. ఎవరో దుబాయ్ నుంచి తెచ్చిన క్యాసెట్‌కు కాపీ, ఆ కాపీకి ఇంకో కాపీ. ఒక పాట సగంలో సైడ్ ఏ అయిపోయి టక్కున తెగేది. ఇప్పుడు సీడీలో వింటున్నా సరే, ఆ చోటు రాగానే ఆయన చెయ్యి క్యాసెట్ తిప్పడానికన్నట్టు లేస్తుంది. సైడ్ బీ చివర పాట అయ్యాక కాస్త బరబర, తర్వాత అడుగున చెరగకుండా మిగిలిన ఘంటసాల భగవద్గీత రెండు శ్లోకాలు. బీటిల్స్ మీద ఘంటసాల! అంతటి మాష్‌అప్ అబ్బీ రోడ్‌లో కూడా పుట్టలేదు. దాన్ని ఏళ్ళ తరబడి కళ్ళు మూసుకుని విన్నారే గానీ, ఏనాడూ మిమ్మల్ని పిలవలేదు.

మాష్‌అప్‌లన్నీ గొప్పవని నేననను. చాలావరకు చెత్తే. 2023లో బీటిల్స్ పాట 'నౌ అండ్ దెన్' కోసం పాత క్యాసెట్‌లో పియానోతో కలిసిపోయిన లెనన్ గొంతును యంత్రంతో విడదీశారు. అలాంటి పనిముట్లు ఇప్పుడు ఫోన్లలోకి వచ్చేశాయి, దాంతో ప్రతివాడూ మార్టినే. దరువు కుదిరితే చాలనుకుంటారు, శ్రుతి ఏ గంగలో కలిసినా పట్టదు. వాటిని తిట్టాలని నాకూ ఉంటుంది. కానీ నేను పూర్తిగా విని, ఏ చరణంలో చెడిందో చెప్పబోయేసరికి మీరు అడ్డొచ్చి ఒక్క ముక్కలో తేల్చేస్తారు. దాంతో నేనూ మీ పార్టీనే అనుకుంటారు అందరూ.

ఇక అసలు పని. వచ్చే ఆదివారం మళ్ళీ డాబా మీద కూర్చుంటున్నాం. బీటిల్స్ 'షీజ్ లీవింగ్ హోమ్' పెట్టాలి. మోనోలో వేగం, శ్రుతి కాస్త ఎక్కువ. స్టీరియోలో రెండూ తక్కువ. రెండూ 1967వే, రెండూ కంపెనీ అమ్మినవే. మా బావ మోనో అంటారు, వాళ్ళ తమ్ముడు స్టీరియో అంటాడు, ఇద్దరూ మీ పేరే చెబుతున్నారు. ఏది ఒరిజినలో శనివారం సాయంత్రంలోగా తేల్చి చెప్పండి. లేదంటే రెండూ కలిపేస్తానని మావాడు కూర్చున్నాడు.

ఇట్లు,
మారేడ్‌పల్లి డాబా మీద స్పీకర్‌కు దగ్గరగా కూర్చునేవాడు