రచయిత జేబు మీద నడిచే ప్రచురణ

బెజవాడ సత్యనారాయణపురంలో ఒక విశ్రాంత తెలుగు మాస్టారి ఇంటికి ఈ మధ్య వెళ్లాను. మెట్ల కింద గోనెపట్టా కప్పి ఏవో పేర్చి ఉన్నాయి. అడిగితే పట్టా తీసి చూపించారు. ఆయన కథల పుస్తకమే. కట్టకు 20 చొప్పున 17 కట్టలు. అచ్చయి నాలుగేళ్లు. కింది వరసకు చెమ్మ పట్టి అట్టలు ఉబ్బాయి. పై వరసలో ప్రెస్సువాళ్లు వేసిన పురికొస ముడి కూడా ఎవరూ విప్పలేదు. 500 ప్రతుల కోసం ఆయన పింఛను డబ్బులోంచి 50,000 రూపాయలు ఇచ్చారు. ఆవిష్కరణ సభ అయిన వారానికి ప్రచురణ సంస్థ పుస్తకాలన్నీ ఆటోలో తెచ్చి ఇంట్లో దింపి వెళ్లిపోయింది. సభలో వందకు పైగా పంచారు, బంధువులకు కొన్ని ఇచ్చారు. "వేయించానే గానీ అమ్మడం నాకేం తెలుసండీ" అన్నారాయన.

ఆ పుస్తకం మీద సంస్థ పేరుంది, చిహ్నముంది, పుస్తకాన్ని గుర్తించే ఐఎస్‌బీఎన్ అంకె ఉంది. ఒక్క పాఠకుడి చేతికైనా దాన్ని చేర్చాలని ఆ సంస్థ ఒక్కపూట కూడా తిరగలేదు. తిరగవలసిన అవసరం దానికి లేదు. నేను చెప్పదలచుకున్నది ఇదే. రచయిత దగ్గర డబ్బు పుచ్చుకుని పుస్తకం వేసే పద్ధతి సాగినంత కాలం బెజవాడలో చిన్న ప్రచురణ సంస్థ వ్యాపారంగా నిలబడదు. తెలుగువాళ్లు చదవడం మానేశారన్న మాట తర్వాత మాట్లాడుకోవచ్చు. చదవమని వాళ్ల ముందు పుస్తకం పెట్టినవాళ్లు ఎందరు?

పన్నెండేళ్లుగా నేనూ ఒక చిన్న ప్రచురణ సంస్థ నడుపుతున్నాను. మొదటి మూడు పుస్తకాలు రచయితల డబ్బుతోనే వేశాను. అది తప్పని అప్పుడు తోచలేదు, ఊళ్లో అందరూ చేస్తున్నదే. నాలుగో పుస్తకానికి నా సొంత డబ్బు పెట్టినప్పుడు గానీ ఈ పని ఎంత పెద్దదో తెలిసిరాలేదు.

లెక్క చూడండి. మామూలు కథల పుస్తకాల కొలత అయిన డెమ్మీ సైజులో 160 పేజీలంటే, అచ్చులో ఫారానికి 16 పేజీల చొప్పున పది ఫారాలు. డీటీపీ (కంప్యూటరు మీద అక్షరాల కూర్పు), ప్రూఫులు, అట్ట, కాగితం, అచ్చు, బైండింగు అన్నీ కలిపి 500 ప్రతులకు నాకు పడే ఖర్చు 36,000. వెల 180 అనుకుందాం. దుకాణానికి 40 శాతం కమిషన్ పోతే 108 మిగులుతుంది. రచయితకు పది శాతం రాయల్టీ 18. నా చేతికి వచ్చేది 90. అంటే 400 ప్రతులు అమ్ముడుపోయి, దుకాణాల నుంచి డబ్బు కూడా చేతికి వస్తేనే పెట్టుబడి తిరిగొస్తుంది. అదే పుస్తకాన్ని పది శాతం తగ్గించి నేరుగా పాఠకుడికి అమ్మితే, రాయల్టీ పోను 144 మిగులుతుంది. అప్పుడు 250 ప్రతులు చాలు. ఆ 150 ప్రతుల తేడాలోనే చిన్న ప్రచురణకర్త బతుకు ఉంది. ఇక మాస్టారి పుస్తకానికి ఈ లెక్కే వేసి చూడండి. 50,000 తీసుకున్న సంస్థకు ఒక్క ప్రతి అమ్మకుండానే 14,000 మిగిలింది. పాఠకుణ్ణి వెతకడం దానికి అదనపు శ్రమ మాత్రమే.

డబ్బు ఎవరిదన్న దాన్ని బట్టి పుస్తకం కూడా మారిపోతుంది. జనం దీన్ని పట్టించుకోరు గానీ నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే. సొంత డబ్బు పెట్టిన కథల సంపుటిలో పద్నాలుగు కథలుంటే, మూడింటిని తీసేద్దామని రచయితకు చెప్పగలిగాను. రెండు నెలలు వాదించుకున్నాం. చివరికి రెండు తీశాం, ఒకదాని ముగింపు ఆయనే తిరగరాశారు. ప్రూఫులు మూడుసార్లు చూశాం. మూడోసారి కూడా ఒకే పాత్ర పేరు నాలుగో పేజీలో ఒకలా, పదకొండో పేజీలో ఇంకోలా దొరికింది. డబ్బిచ్చిన రచయితకు ఈ మాటలు ఎవరు చెబుతారు? ఆయన తెచ్చిన ఫైలు తెచ్చినట్టే ప్రెస్సుకు పోతుంది. తెలుగు పుస్తకాల్లో అచ్చుతప్పులెందుకని వాపోయేవాళ్లు ముందు ఆ డబ్బు ఎవరిదో అడగాలి.

రచయితలు డబ్బు పెట్టుకోకపోతే కవిత్వం అసలు అచ్చే కాదనీ, కొత్తవాళ్లకు దారే ఉండదనీ అంటారు. కవిత్వం కష్టంగా అమ్ముడవుతుందన్నది నిజమే, నేనూ ఏడాదికి ఒకటి మించి వేయలేను. తన కవితలు తానే అచ్చు వేయించుకునే హక్కు ఎవరికైనా ఉంది, ప్రెస్సుకు వెళ్లి వేయించుకోవచ్చు. ఆ పనికి ప్రచురణకర్త ముసుగు తొడిగి అదనంగా వసూలు చేయడాన్నే నేను వద్దంటున్నాను.

ఈ ఊరికి పుస్తకం అమ్మడం కొత్త కాదు. 1953లో పుట్టిన విశాలాంధ్ర ప్రచురణాలయం ఇక్కడిదే. తెలుగు ఇళ్లకు నెలనెలా పుస్తకాలు పంపిన ఎమెస్కో ప్రచురణ సంస్థ 'ఇంటింటా సొంత గ్రంథాలయం' పథకాన్ని చాలామంది మరచిపోయారు. పాఠకుడి చిరునామా ప్రచురణకర్త దగ్గర ఉండాలన్నది ఆ పథకానికి మూలం. నా దగ్గర ఒక లావుపాటి నోటుపుస్తకం ఉంది. జనవరిలో జరిగే పుస్తక మహోత్సవంలో మా స్టాలుకు వచ్చినవాళ్ల పేరు, ఊరు, ఫోను, ఏ పుస్తకం కొన్నారు అన్నవి చేత్తో రాసుకుంటాను. ఒకసారి కంకిపాడు నుంచి వచ్చిన ఒకావిడ ఒక నవల తీసి, మొదటి పేజీ నిలబడే చదివి, వెల చూసి పెట్టేశారు. స్టాళ్లన్నీ చుట్టి గంట తర్వాత మళ్లీ వచ్చి అదే నవల కొన్నారు. ఆమె పేరు నా నోటుపుస్తకంలో ఉంది. తర్వాత మేం వేసిన పుస్తకాల్లో ఆరు కొన్నారు. పదకొండు వందల పైచిలుకు పేర్లున్న ఆ నోటుపుస్తకమే నా అసలు పెట్టుబడి.

ప్రభుత్వాల వల్ల ఇబ్బంది లేదనడం లేదు. పుస్తకం మీద జీఎస్టీ లేదు, దాని కాగితం మీద ఉంది. 2025 సెప్టెంబరులో అది 12 శాతం నుంచి 18కి పెరిగింది. పుస్తకానికి పన్ను లేదు కనుక కాగితం మీద కట్టినది మాకు తిరిగి రాదు. పుస్తకాలను తక్కువ చార్జీకి పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్టును 2024 డిసెంబరులో తపాలా శాఖ ఎత్తేసింది. 2025 మేలో దాని స్థానంలో పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ వచ్చాక ఊపిరి పీల్చుకున్నాం. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, పన్ను అదనం. మా 160 పేజీల పుస్తకం ప్యాకింగుతో సహా అందులో సరిపోతుంది.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ గ్రంథాలయాల వైపు నుంచి తగులుతోంది. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. 1960 నాటి చట్టం అది. ఆ డబ్బు గ్రంథాలయ సంస్థలకు వేళకు చేరి, దానితో ఏటా కొత్త పుస్తకాలు కొంటే, ఒక్కో మంచి పుస్తకం 200 ప్రతులు అక్కడికే పోతాయి. అప్పుడు ఏ ప్రచురణకర్తా రచయిత పింఛను మీద కన్నేయడు. ఆంధ్రదేశ గ్రంథాలయ సభ మొదటిసారి జరిగింది 1914లో, ఈ బెజవాడలోనే, రామమోహన గ్రంథాలయంలో. దానికి పూనుకున్నది అయ్యంకి వెంకటరమణయ్య. 1935లో పాతూరి నాగభూషణం పుస్తకాలను పడవలో వేసుకుని కాలువ మీద ఊరూరా తిరిగారు. చదువు వచ్చినవాళ్లే తక్కువగా ఉన్న రోజులవి. పాఠకుడు గట్టు మీద ఉన్నాడని తెలిసి, పుస్తకమే అతని దగ్గరికి వెళ్లింది. ఈ రోజు ఏ ఊళ్లోనైనా శాఖా గ్రంథాలయానికి వెళ్లి కొత్త తెలుగు పుస్తకం అడిగి చూడండి. దినపత్రికలూ పోటీ పరీక్షల పుస్తకాలూ కనిపిస్తాయి, నిరుడు అచ్చయిన కథల పుస్తకం దొరకదు. మనం కట్టిన 8 పైసలకు లెక్క అడిగే హక్కు మనకుంది. రచయితల సంఘాలు ఆవిష్కరణ సభల్లో శాలువాలు కప్పుకోవడం కాస్త తగ్గించి ఈ లెక్క అడగాలి.

మాస్టారి దగ్గర్నుంచి ఆ రోజు చెమ్మ తగలని రెండు కట్టలు తెచ్చుకున్నాను. రెండు రాత్రులు కూర్చుని చదివితే అందులో ఐదు కథలు చాలా బాగున్నాయి. నోటుపుస్తకంలో కథలు కొనేవాళ్ల పేర్లు ఏరి, ఒక కథ మొదటి పేజీని ఫోనుల్లో పంపాను. మూడు వారాల్లో 31 ప్రతులు పోయాయి. రేపల్లె నుంచి ఒక పాఠకురాలు మాస్టారికి ఫోను చేసి, అందులో కాలువ లస్కరు మీద రాసిన కథ తన తండ్రి కథలాగే ఉందని చెప్పిందట. ఆ సంగతి నాకు చెబుతూ ఆయన రెండుసార్లు ఆగిపోయారు. ఆదివారం ఆటో మాట్లాడుకుని మిగిలిన కట్టల కోసం వెళుతున్నాను.