చక్రం మెరిస్తే బ్రేకు పడుతుందా?

రెండు వారాల్లో ఒకే సందేశం నాకు ఏడుసార్లు వచ్చింది. పంపిన ఏడుగురిలో ఐదుగురికి గంటకు రెండు వందల కిలోమీటర్లు అవలీలగా దాటే కార్లున్నాయి. అందుకే నవ్వి ఊరుకోలేకపోతున్నాను. "మెకానిక్కులు మీకు చెప్పని బ్రేకు రహస్యాలు" అని శీర్షిక, కింద ఎనిమిది అంశాలు, ఒక్కో అంశం చివర ఒక్కో మంట బొమ్మ. దుమ్ము తక్కువ రాల్చే సిరామిక్ ప్యాడ్లు (ప్యాడ్ అంటే చక్రంతో పాటు తిరిగే డిస్కును పక్కల నుంచి నొక్కి కారును ఆపే బిళ్ల) వేయించుకుంటే చక్రాలు అద్దంలా ఉంటాయట, బ్రేకులు రేసు కారులో లాగా పడతాయట, ఇక వాటి సంగతే మరిచిపోవచ్చట. చివర్లో "పదిమందికి పంపండి, ప్రాణాలు కాపాడండి" అని కూడా ఉంది.

వరుసగా జవాబు చెబుదామనే కూర్చున్నాను. కానీ కొన్నింటికి ఒక్క వాక్యం చాలు. ఒకదానికి మాత్రం ఎంత చెప్పినా తక్కువే.

ఎనిమిదో అంశంతో మొదలుపెడతాను, త్వరగా వదిలిపోతుంది కనుక. ఎర్ర ప్యాడ్ల కంటే నీలం ప్యాడ్లు మేలట. అది రంగు. కొందరు తయారీదారులు తమ రకాలను గుర్తుపట్టడానికి పూసుకునే రంగు. ఒకరి నీలానికీ మరొకరి నీలానికీ చుట్టరికం లేదు.

మొదటి అంశం: ఈ ప్యాడ్లకు "అసలు దుమ్మే ఉండదు, పర్యావరణానికి మేలు". తక్కువ దుమ్ము అంటే దుమ్ము లేకపోవడం కాదు. చక్రం మీద పేరుకునే నల్లపొడిలో ప్యాడ్ నుంచి వచ్చేది కొంత, పోత ఇనుప డిస్కు అరిగి వచ్చేది కొంత. సిరామిక్ ప్యాడ్ డిస్కును తక్కువగా గీకుతుంది, దాని పొడి లేత రంగులో ఉంటుంది, చక్రానికి అంతగా అంటుకోదు. కంటికి కనిపించనంత మాత్రాన పుట్టలేదని కాదు. గాలిలో తేలిపోయే సన్నటి కణాలు చక్రం మీద వాలవు కూడా. యూరప్‌లో యూరో 7 అనే వాహన కాలుష్య నిబంధనలు మొదటిసారిగా బ్రేకు కణాలకూ హద్దు పెట్టాయి. బ్యాటరీ కార్లకు కిలోమీటరుకు 3 మిల్లీగ్రాములు, మిగతా కార్లలో చాలావాటికి 7. అక్కడ తూకం వేసేది గాలిలోకి పోయిన కణాలను, చక్రం తళతళలను కాదు.

ఆరో అంశం చప్పుడు గురించి. "కీచుమంటే ప్యాడ్ మీద కొంచెం గ్రీజు రాయండి." ఏ వైపు రాయాలో చెప్పలేదు. ఒక వైపు రాస్తే చప్పుడు ఆగుతుంది. రెండో వైపు రాసినా చప్పుడు ఆగుతుంది, కారు మాత్రం ఆగదు. ప్యాడ్ వెనక ఇనుప రేకు క్యాలిపర్‌కు, అంటే ప్యాడ్లను పట్టి డిస్కుకు నొక్కే పట్టకారుకు, తగిలే చోట్ల మాత్రమే, అదీ వేడికి తట్టుకునే బ్రేకు గ్రీజును పలచగా రాయాలి. క్యాలిపర్ జారే పిన్నులకు రబ్బరును పాడుచేయని గ్రీజు వాడాలి. డిస్కును తాకే ముఖం మీద గ్రీజు మరక పడిందా, ఆ ప్యాడ్ చెత్తబుట్టకే.

రెండో అంశం: "దుమ్ము లేదంటే అరుగుదల లేదు, లక్ష కిలోమీటర్ల వరకు విప్పి చూడనక్కర్లేదు." అరగకుండా రాపిడి పుట్టించే పదార్థాన్ని ఈ సందేశకర్త కనిపెట్టి ఉంటే బ్రేకు ప్యాడ్ల మీద ఆగిపోవడం అన్యాయం. క్యాలిపర్ పిన్ను బిగుసుకుపోతే బయటి ప్యాడ్ నిండుగా కనిపిస్తున్నప్పుడే లోపలి ప్యాడ్ ఇనుప రేకు దాకా అరిగిపోవచ్చు. బయటి నుంచి తొంగి చూసేవారికి లోపలిది కనబడదు. అరుగుదల చెప్పే సెన్సరు కూడా చాలా కార్లలో ఒక్కో ఇరుసుకు ఒక్క ప్యాడ్‌కే ఉంటుంది. మందం 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చడమే. అది తెలియాలంటే చక్రం విప్పాలి.

ఇక మూడో అంశం. ఇదంతా రాయడానికి కారణం ఇదే. ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాను: "ఫార్ములా వన్ కార్లలో ఉండేవి సిరామిక్ బ్రేకులే. సిరామిక్‌కు వేడి అంటే భయం లేదు. కనుక రోడ్డు మీదా, రేసు ట్రాక్ మీదా ఇవే ప్యాడ్లు చాలు."

మూడు వాక్యాలు, మూడూ తప్పే. ఫార్ములా వన్ కార్లలో డిస్కూ ప్యాడూ రెండూ కార్బన్‌వి. అవి కొన్ని వందల డిగ్రీల వేడెక్కితే గాని సరిగా పట్టవు, గట్టి బ్రేకింగులో వెయ్యి డిగ్రీల దాకా వెళ్తాయి. మలుపు ముందు ఆ చక్రాల నుంచి పొగలా ఎగిరే నల్లటి పొడి టీవీలో అందరం చూసిందే. దుమ్ము రాల్చని బ్రేకులకు ఉదాహరణగా దాన్నే చూపించారు! సిరామిక్ పేరుతో గందరగోళపెట్టే ఇంకొకటి కార్బన్ సిరామిక్ డిస్కు. 2001 ప్రాంతంలో పోర్షే 911 జీటీ2 లాంటి కార్లతో రోడ్డు మీదికి వచ్చింది. అందులో సిరామిక్ అన్న మాట డిస్కుకు చెందినది, ప్యాడ్‌కు కాదు. దానికి వేసే ప్యాడ్లు వేరు. ఇనుప డిస్కుల కోసం చేసిన సిరామిక్ ప్యాడ్లను పేరు కలిసింది కదా అని అక్కడ పెడితే ఖరీదైన డిస్కులు పాడవుతాయి. మనం మాట్లాడుకుంటున్న దుమ్ము తక్కువ ప్యాడ్ ఈ రెండింటిలో ఏదీ కాదు. సిరామిక్ నారలు, రకరకాల పొడులు, వాటన్నిటినీ పట్టి ఉంచే రెజిన్ అనే జిగురు కలిపి అచ్చుపోసిన బిళ్ల అది.

ఆ జిగురు దగ్గరే ఉంది చిక్కు. సిరామిక్ నార వేడికి భయపడకపోవచ్చు, రెజిన్ భయపడుతుంది. సాధారణంగా వాడే ఫినాలిక్ రెజిన్ సుమారు 300 డిగ్రీలు దాటాక విచ్ఛిన్నం కావడం మొదలవుతుంది. అందులోంచి వచ్చే వాయువులు ప్యాడ్‌కూ డిస్కుకూ మధ్య చేరతాయి, రాపిడి పడిపోతుంది. ఇటుకలు చెక్కుచెదరకపోయినా సున్నం కరిగిపోతే గోడ నిలబడుతుందా?

అంత వేడి ఎక్కడిది అంటారేమో. 1,600 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగాలంటే బ్రేకులు మింగాల్సిన శక్తి సుమారు 6.2 లక్షల జౌళ్లు. వేగం రెట్టింపు చేసి 200కు తీసుకెళ్తే శక్తి రెట్టింపు కాదు, నాలుగింతలై 25 లక్షల జౌళ్లకు చేరుతుంది. దాదాపు 7 లీటర్ల చన్నీళ్లను మరిగే దాకా తెచ్చే వేడి అది. కొన్ని సెకన్లలో నాలుగు డిస్కుల్లోకి, అందులో పెద్దవాటా ముందు రెండింటిలోకి చేరుతుంది. రోడ్డు మీద ఇలా ఒకసారి జరిగితే డిస్కు చల్లబడటానికి బోలెడు సమయం. ట్రాక్ మీద అర నిమిషానికో మలుపు.

నా స్నేహితుడొకడు ఇలాంటి సలహా నమ్మే దుమ్ము తక్కువ ప్యాడ్లతో ట్రాక్‌కు వచ్చాడు. రెండు రౌండ్లు బాగానే గడిచాయి. మూడో రౌండులో పొడవాటి దారి చివర పెడల్ రాయిలా గట్టిగా ఉంది, కాలు శక్తికొద్దీ నొక్కుతోంది, కారు మాత్రం తన పాటికి తాను పోతోంది. కంకర మేటలో ఆగాడు, దెబ్బలు తగల్లేదు. చక్రాలు మాత్రం చాలా శుభ్రంగా ఉన్నాయి.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే కాలిపోయింది ప్యాడ్. పెడల్ మెత్తబడి నేలకు దిగిపోతే మరిగింది బ్రేకు ఆయిల్. కొత్త డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. అదే ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కు పడిపోతుంది. మూడేళ్లుగా మార్చని ఆయిల్‌తో ఎంత గొప్ప ప్యాడ్ వేసినా ఒకటే. సందేశంలో ఆయిల్ ఊసే లేదు, మంట బొమ్మలు మాత్రం ఎనిమిది.

ట్రాక్ ప్యాడ్లనే రోజూ వాడితే సరిపోతుందా అంటే అదీ కాదు. వాటిలో చాలావాటికి చలిలో పట్టు తక్కువ, కీచుమంటాయి, డిస్కును తింటాయి, దుమ్ముతో చక్రాన్ని నల్లగా చేస్తాయి. పొద్దున్నే ఇంటి ముందు మలుపులో ఆగనిది ట్రాక్ మీద ఎంత బాగా ఆగితే ఏం లాభం? ఏ ప్యాడ్‌కైనా అది బాగా పనిచేసే వేడి హద్దులుంటాయి. మీ కారు ఆ హద్దుల్లో తిరుగుతుందా లేదా అన్నదే చూడాల్సింది.

ఐదో అంశం: "పాత డిస్కులు అలాగే ఉంచండి. బెడ్డింగ్ అనేది కంపెనీల కట్టుకథ." బెడ్డింగ్ అంటే కొత్త ప్యాడ్‌ను పద్ధతిగా వేడెక్కించి డిస్కుకు అలవాటు చేయడం. ఈ రకం ప్యాడ్ పట్టు చాలావరకు డిస్కు మీద తాను పరుచుకునే పలుచని పొర మీద ఆధారపడుతుంది. పాత ప్యాడ్ వేరే రకమైతే దాని పొర ఇంకా డిస్కు మీదే ఉంటుంది. కొత్త డిస్కులైనా వేయాలి, పాతవాటిని సమంగా చెక్కించైనా వాడాలి. చెక్కించే ముందు డిస్కు మీద అచ్చువేసిన కనీస మందం చూసుకోవాలి. ఆ తరువాత బెడ్డింగ్. ప్యాడ్ తయారీదారు చెప్పిన పద్ధతి ఉంటే అదే పాటించాలి. లేకపోతే ఖాళీ రోడ్డు మీద గంటకు 100 నుంచి 20 కిలోమీటర్ల దాకా గట్టిగా, కానీ ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) జోక్యం చేసుకునేంత గట్టిగా కాకుండా, బ్రేకు వేస్తూ ఎనిమిది పది సార్లు వేగం తగ్గించాలి. మధ్యలో ఎక్కడా పూర్తిగా ఆపకూడదు. ఆ తరువాత బ్రేకు తాకకుండా కొన్ని నిమిషాలు నడిపి చల్లార్చాలి. వేడి మీద ఆపి పెడల్ నొక్కిపట్టుకుంటే ప్యాడ్ ముద్ర డిస్కు మీద పడుతుంది. నెల తిరక్కుండా స్టీరింగ్ వణకడం మొదలవుతుంది. అప్పుడు "డిస్కు వంగిపోయింది" అని ఇంకో సందేశం వస్తుంది. చాలాసార్లు అది వంగడం కాదు, ఆ ముద్రే.

నాలుగో అంశం: "దుమ్ము ముందు చక్రాలకే కనుక ముందు ప్యాడ్లు మారిస్తే చాలు." ముందు రాపిడి తగ్గించి వెనక పాతవే ఉంచితే బ్రేకు భారంలో వెనక చక్రాల వాటా పెరుగుతుంది. తడి మలుపులో వెనక భాగం ముందుకు రావాలని ఉబలాటపడుతుంది. ఎలక్ట్రానిక్స్ సర్దుకుంటాయి, నిజమే. మనం చేసిన తప్పును అవి దిద్దుతుంటే చూసి సంతోషించవచ్చు.

తొందర తొందరగా ముగిద్దామంటే బిగింపు గురించిన ఏడో అంశం ఉండనే ఉంది: "స్క్రూడ్రైవర్‌తో పిస్టన్ వెనక్కి తోసేయండి, పది నిమిషాల పని." పిస్టన్ అంటే క్యాలిపర్‌లో ఉండి ప్యాడ్‌ను డిస్కు మీదికి తోసేది. స్క్రూడ్రైవర్ మొన దాని చుట్టూ ఉన్న రబ్బరు తొడుగును చీలుస్తుంది. పిస్టన్ వెనక్కి వెళ్తే ఆయిల్ పైడబ్బాలోకి ఎగదన్ని పొంగుతుంది, పడిన చోట రంగు లేస్తుంది. వెనక చక్రాలకు ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేకు ఉంటే ముందు దాన్ని సర్వీసు స్థితిలో పెట్టాలి, లేకపోతే దాని మోటారు దెబ్బతినవచ్చు. విప్పిన క్యాలిపర్‌ను గొట్టానికి వేలాడదీయకూడదు, తీగతో కట్టాలి. బోల్టులను తయారీదారు చెప్పిన బిగింపుకు టార్క్ రెంచ్‌తో బిగించాలి. అన్నీ అయ్యాక కదలక ముందే పెడల్‌ను పైకి గట్టిపడే దాకా పదేపదే నొక్కాలి. పిస్టన్లు వెనక్కి పోయి ఉంటాయి కనుక మొదటి నొక్కు నేలను తాకుతుంది. ఆ సంగతి ఎదురుగా గోడ వస్తున్నప్పుడు తెలుసుకోవడం ఎందుకు?

ఎనిమిదింటిలో ఒక్కటి నిజమని ఒప్పుకోవాలి. ఏడో అంశంలోనే తోకలా ఒక వాక్యం ఉంది: "కంపెనీ ప్యాడ్లే మీకు శ్రేష్ఠమని ఏమీ లేదు." ఈ మాట నిజం. కొన్ని కంపెనీలు తమ వేగవంతమైన కార్లకు అతి వేగం నుంచి పదేపదే ఆగాల్సిన అవసరాన్ని దృష్టిలో పెట్టుకుని గట్టిగా కొరికే ప్యాడ్లు వేస్తాయి. దుమ్ము దాని మూల్యం. ఆఫీసుకూ ఇంటికీ తిరిగే కారుకు అంత అక్కర్లేదు. దుమ్ము గురించి బాధపడటం ఉత్త సోకు అని నేనూ చాలాకాలం వెటకారం చేశాను. తరువాత నా చక్రాల మీదే వేడి ఇనుప రజను పైపూతలోకి దిగి, తడికి తుప్పుపట్టి, చుక్కలు చుక్కలుగా తినేసింది. ఎంత తోమినా పోలేదు. ఇప్పుడు నా కారుకు నాలుగు చక్రాలకూ దుమ్ము తక్కువ ప్యాడ్లే ఉన్నాయి. ట్రాక్ కోసం వేరే జత, వాటి సొంత డిస్కులతో సహా, ఎడమ కుడి అని రాసి పెట్టెలో దాచాను.

సందేశం మొదట పంపిన మిత్రుడికి ఇదంతా ఫోనులో చెప్పాను. ఓపికగా విన్నాడు. తనవీ అలాంటివే, ఆరు నెలలైంది వేయించి, వాటి పట్టు ఎలాంటిదో ఎలా తెలుసుకోవాలి అని అడిగాడు. చాలా ప్యాడ్ల అంచు మీద ముద్రించిన సంకేతం చివర రెండు అక్షరాలుంటాయి, మొదటిది మామూలు వేడిలో రాపిడికి, రెండోది ఎక్కువ వేడిలో రాపిడికి గుర్తు, ఇంగ్లీషు అక్షరం ఈ (E) అంటే రాపిడి గుణకం 0.25 నుంచి 0.35, ఎఫ్ (F) అంటే 0.35 నుంచి 0.45, జీ (G) అంటే 0.45 నుంచి 0.55, అది హామీపత్రం కాదు గానీ ఒక అంచనా ఇస్తుంది, పనిలో పనిగా లోపలి ప్యాడ్ మందం కూడా చూడు, చక్రం విప్పి ఫోటో తీసి పంపు అన్నాను.

గంట తరువాత ఫోటో వచ్చింది. చక్రం ఫోటో. చాలా శుభ్రంగా ఉంది.