ఇలోరిన్‌లో చెల్లకుండా పోయిన సరాకీ పేరు

నైజీరియా సెనేట్‌లో ఉన్నది 109 స్థానాలు. ఆ సభకు అధ్యక్షుడిగా ఉన్న వ్యక్తి తన సొంత ఊళ్లో, తన తండ్రి నిర్మించిన నియోజకవర్గంలో సెనేటర్‌గా కూడా గెలవలేకపోవడం 2019 ఫిబ్రవరిలో జరిగింది. బుకోలా సరాకీ ఓటమికి చాలామంది అప్పటి దేశాధ్యక్షుడు బుహారీతో ఆయనకున్న వైరాన్నే కారణంగా చూపుతారు. నా దృష్టిలో దాని మూలాలు ఎనిమిదేళ్ల ముందు ఆయన తండ్రిపైనే సాధించిన గెలుపులో ఉన్నాయి.

తండ్రి ఓలుసోలా సరాకీ వైద్యుడు, రెండో గణతంత్ర కాలంలో (1979–83) సెనేట్ నాయకుడు. క్వారా రాష్ట్రంలో గవర్నర్ ఎవరో తేల్చేది ఆయనే అనే పేరుండేది. 1979లో తాను నిలబెట్టిన ఆదాము అత్తాతో చెడ్డాక, 1983లో ప్రత్యర్థి పార్టీకి చెందిన కార్నీలియస్ అడెబాయోకు మద్దతిచ్చి గెలిపించారు. 1999లో మొహమ్మద్ లావాల్‌ను గద్దెనెక్కించి, 2003లో ఆయనపై సొంత కొడుకునే పోటీకి దించారు. ఇంత పట్టు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే రాష్ట్ర రాజధాని ఇలోరిన్‌లోని ‘ఇలే అరుగ్బో’ను చూడాలి. యొరుబాలో ఆ మాటకు వృద్ధుల ఇల్లు అని అర్థం. పేద ముసలివాళ్లు అక్కడికి వచ్చి తిండి, డబ్బు తీసుకెళ్లేవారు. ఆ దాతృత్వమే ఓటుగా తిరిగి వచ్చేదనడంలో సందేహం లేదు, అయితే ఆకలితో వచ్చినవాళ్లకు అది కేవలం లెక్క కాదన్నది కూడా అంతే నిజం.

బుకోలా 1962లో లండన్‌లో పుట్టారు, ఆయన కూడా వైద్యుడే. రెండుసార్లు గవర్నర్‌గా పనిచేశారు. జింబాబ్వేలో భూములు కోల్పోయిన తెల్లజాతి రైతులను క్వారాలోని షోంగాకు రప్పించి పెద్ద కమతాలు ఇచ్చారు. 2011లో తన కూతురు, అప్పటికే సెనేటర్‌గా ఉన్న గ్బెమిసోలాను గవర్నర్‌గా చూడాలని ఓలుసోలా కోరుకున్నారు. బుకోలా ఒప్పుకోలేదు, అబ్దుల్‌ఫతా అహ్మద్‌ను నిలబెట్టి గెలిపించారు, చిన్న పార్టీ నుంచి పోటీ చేసిన చెల్లెలు ఓడిపోయారు. మరుసటి ఏడాది నవంబర్‌లో తండ్రి కన్నుమూశారు. పెద్దాయన మాటను కాదనవచ్చని ఇలోరిన్ ప్రజలకు మొట్టమొదట చూపించింది ఆయన కొడుకే.

దేశ రాజధాని అబుజాలో మాత్రం బుకోలా ఎత్తుగడలు ఫలించాయి. 2015 జూన్ 9న అధికార పార్టీ సెనేటర్లు 51 మంది దేశాధ్యక్షుడితో సమావేశం కోసం వేరేచోట ఎదురుచూస్తుండగా, సభలో ఉన్న 57 మంది ఆయన్ని పోటీ లేకుండా సెనేట్ అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. పార్టీ కోరుకున్నది అహ్మద్ లావాన్‌ను. కొన్ని నెలలకే ఆస్తుల ప్రకటనలో అబద్ధాలు చెప్పారన్న అభియోగాలతో బుకోలా ట్రిబ్యునల్ ముందు నిలబడాల్సి వచ్చింది. 2018 జులైలో సుప్రీంకోర్టు పూర్తిగా నిర్దోషిగా తేల్చింది. ఆ నెలాఖరునే ఆయన పార్టీ మారారు. కార్యనిర్వాహక వర్గానికి తలవంచని సభను నడిపారన్న మెప్పు ఆయనకు దక్కాల్సిందే. కానీ ఆ పోరాటం సాగినన్నాళ్లూ, జీతాల బకాయిల గురించి మాట్లాడుకుంటున్న క్వారా ఉద్యోగికి దానివల్ల ఏం ఒరిగిందో ఆయన చెప్పలేకపోయారు.

2019లో ‘ఓ తో గే’, అంటే ‘ఇక చాలు’ అన్న నినాదం రాష్ట్రమంతా మోగింది. క్వారా మూడు సెనేట్ స్థానాలూ, గవర్నర్ పదవీ సరాకీ వర్గం చేజారాయి. బుకోలా పోటీ చేసిన క్వారా సెంట్రల్ స్థానంలో ఇబ్రహీం ఒలోరియెగ్బే గెలిచారు. గ్బెమిసోలా అన్నకు ఎదురు పక్షాన నిలిచి, అదే ఏడాది కేంద్ర సహాయ మంత్రి అయ్యారు. కొత్త గవర్నర్ అబ్దుల్‌రహ్మాన్ అబ్దుల్‌రజాక్ కూడా పేరున్న న్యాయవాది కొడుకే కాబట్టి, కుటుంబ రాజకీయం అంతమైందనడం తొందరపాటే అవుతుంది.

2020 జనవరి 2న, స్థలాన్ని అక్రమంగా పొందారంటూ రాష్ట్ర ప్రభుత్వం ఇలే అరుగ్బోను కూల్చేసింది. ఆ కూల్చివేతను ఆపాలని అక్కడ నిలబడింది ఒకప్పుడు అదే వాకిట్లో అన్నం తిన్న ముసలి ఆడవాళ్లు.