మొక్కుకు లేని వడ్డీ

మేడారంలో బెల్లాన్ని బంగారం అంటారు. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళ సమ్మక్క సారలమ్మలు గద్దెలకు చేరినప్పుడు, బిడ్డ బతికినందుకో పంట పండినందుకో భక్తులు తమ బరువుకు సరితూగే బంగారాన్ని తూయించి సమర్పించుకుంటారు. దాంతో మొక్కు తీరుతుంది. అప్పు గురించి చెప్పేటప్పుడు కూడా మనం ఇదే క్రియను వాడతాం. అమ్మవారికి పడ్డ బాకీ, షావుకారుకు పడ్డ బాకీ తెలుగులో ఒకే మాటతో తీరతాయి.

పెట్టుబడిదారీ విధానం ఒక మతమని జర్మన్ తత్వవేత్త వాల్టర్ బెంజమిన్ 1921లో, పూర్తి చేయని ఒక చిన్న రచనలో అన్నాడు. ఆ మతంలో ప్రతిరోజూ పూజే, విరామం లేదు. పాపానికి విముక్తి చూపకపోగా దోషాన్ని పెంచుతూ పోతుంది. జర్మన్‌లో షుల్డ్ అంటే అప్పు, అపరాధం కూడా. మన ఋణం అనే మాటలో అంత నేరభావన లేదు. దేవ, ఋషి, పితృ ఋణాలతోనే పుడతామన్నారు పెద్దలు. ప్రేమను కూడా ఋణానుబంధం అన్నారు.

అయితే ఆ బాకీకి హద్దు ఉండేది. ఈ జాతరకు వెళ్లలేనివారు వచ్చే జాతరకు వెళతారు. తల్లికి కోపం వస్తుందన్న భయం ఉంటుంది కానీ, మొక్కిన ఒక మేక ఆలస్యానికి రెండు మేకలు కాదు. డబ్బు అప్పుకు వడ్డీ అసలును మించరాదని ధర్మశాస్త్రాలు కట్టడి చేశాయి. ఇస్లాం వడ్డీనే నిషేధించింది. తిరుమల వేంకటేశ్వరుడు కుబేరుడికి వడ్డీ కడుతున్నాడన్న కథలో దేవుడు నిలబడింది అప్పు పడ్డవారి వైపే. ఆ కథంటే నాకు అందుకే గౌరవం.

ధనం దేవుడైన చోట ఈ హద్దు చెరిగిపోయింది. 1997-98లో వరంగల్ జిల్లా పత్తిచేలను పొగాకు లద్దె పురుగు తినేసింది. అప్పు చేసి కొన్న మందుకు పురుగు చావలేదు. ఆ మందే తాగి రైతులు చనిపోయారు. తీరని బాకీని వాళ్లు తమ తప్పుగా మోశారు. బెంజమిన్ చెప్పిన దోషం అంటే ఏమిటో నాకు అర్థమైంది ఇక్కడే.

రాజకీయ సిద్ధాంతాలకూ వాటి గుడులు ఉన్నాయి. ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఎర్ర స్తూపాలు లేచాయి, అమరులు అనే మాటకు పూజార్హత వచ్చింది. తర్వాత బంగారు తెలంగాణ రాబోయే స్వర్గమైంది. రైతు అప్పు విషయానికి వచ్చేసరికి నాయకుడే పూజారి స్థానంలో నిలిచాడు. 2022 మే 6న కాంగ్రెస్ వరంగల్ రైతు డిక్లరేషన్‌లో రెండు లక్షల రూపాయల రుణమాఫీకి మాట ఇచ్చింది. 2024 లోక్‌సభ ఎన్నికల సభల్లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి దేవుళ్ల మీద ఒట్టు వేసి, ఆగస్టు 15లోగా ఆ పని చేస్తానన్నారు. ఆ ఏడాది మాఫీ మొదలైంది, ఎందరికి అందిందన్న వాదన నడిచింది. నా అభ్యంతరం మాఫీ అన్న ఆ పదంతోనే. మాఫీ అంటే మన్నింపు. గిట్టుబాటు ధర దొరకని రైతు ఏ తప్పు చేశాడని మన్నించాలి? మార్కెట్ ఎగ్గొట్టిన ధరలో కొంత ప్రభుత్వం ఆలస్యంగా చెల్లిస్తోందని రాసుకుంటే లెక్క సరిగ్గా ఉంటుంది.

పైగా ఆ మన్నింపు బ్యాంకు పుస్తకంలో ఉన్న పంట రుణానికే. పట్టా పుస్తకం లేని కౌలు రైతు ఎక్కువగా అప్పు తెచ్చుకునేది ఎరువుల దుకాణంలో, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో తన సరుకు అమ్మిపెట్టే అడ్తిదారు దగ్గర. ఆ బాకీ వ్యాపారి చిట్టాలోనే ఉంటుంది, ఏ ఒట్టూ అక్కడిదాకా వెళ్లదు. పంట కాంటా ఎక్కగానే ముందు ఆ బాకీ, దాని వడ్డీ కోసుకుంటారు. మిగిలిన దానిలోంచే ఆయన మేడారానికి బంగారం కొనాలి.