సవరణ: ఆటోక్యాడ్ ప్రింటులో గీతల మందం

‘లేయరులో లైన్‌వెయిట్ మారిస్తే చాలు, ప్రింటులో గీత మందం మారుతుంది’ అన్న గత పోస్టులోని వాక్యానికి ఒక షరతు చేర్చి చదవండి. (ఆటోక్యాడ్ ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్; లేయరు అంటే అందులో ఒక రకం గీతలను కలిపి ఉంచే పొర, లైన్‌వెయిట్ అంటే గీత మందం.) సీటీబీ ప్లాట్ స్టైల్ (ఏ రంగు గీత ప్రింటులో ఎలా పడాలో చెప్పే ఫైలు) వాడుతుంటే, అందులో ఆ గీత రంగుకు ‘యూజ్ ఆబ్జెక్ట్ లైన్‌వెయిట్’ (గీతకు ఉన్న మందాన్నే వాడు) అని ఉండాలి. అక్కడ 0.18 మి.మీ. అని అంకె ఉంటే, లేయరులో 0.50 పెట్టినా కాగితం మీద 0.18 మందమే పడుతుంది. సీటీబీ చూసేది రంగును, లేయరు పేరును కాదు. అలా అంకె ఉన్నప్పుడు గోడలు, కొలతల గీతలు ఒకే రంగులో ఉంటే రెండూ ఒకే మందంతో వచ్చి ప్లాను చదవడమే కష్టమవుతుంది. సైటులో మేస్త్రీ చేతికి వెళ్లే కాగితం అలా ఉండకూడదు.

ఆటోక్యాడ్‌తో వచ్చే ‘మోనోక్రోమ్’ సీటీబీ రంగులను నలుపు చేస్తుంది గానీ మందాన్ని ముట్టుకోదు. మందాన్ని లేయర్లలోనే పెట్టుకుని పనిచేసేవారికి నా సలహా ఈ మోనోక్రోమే. గీతల లైన్‌వెయిట్ ‘బైలేయర్’గా (లేయరు మందాన్నే తీసుకునేలా) ఉందో లేదో కూడా చూసుకోండి.