తాజా చేప కావాలి, తట్ట మాత్రం వద్దు

చెన్నై మెరీనా లూప్ రోడ్డు మీద చేపల తట్టల పేచీ సద్దుమణిగినట్టే ఉంటుంది, మళ్ళీ రాజుకుంటుంది. చేపల దుకాణాలు రోడ్డును ఆక్రమించాయంటూ 2023 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు తనంతట తానుగా కేసు చేపట్టడం, కార్పొరేషన్ దుకాణాలు ఎత్తేయడం, ఆ రోడ్డు పక్కనే ఉన్న మత్స్యకారుల పేట నొచ్చికుప్పం జనం ఆందోళనకు దిగడం, 2024 ఆగస్టులో 366 దుకాణాల కొత్త మార్కెట్ తెరవడం అందరికీ తెలిసినవే. మార్కెట్ కట్టేశాం కదా, ఇక గొడవేమిటని నగరం అనుకుంటోంది. గొడవ మార్కెట్ గురించి కాదు. నగరానికి చేప కావాలి, తెచ్చే మనిషి మాత్రం కంటబడకూడదు. ఈ రెండు నాలుకల ధోరణి గురించి.

రోడ్డు రాకపోకలకే ఉండాలి, అంబులెన్సుకు దారి ఉండాలి అంటారు. నిజమే, కాదనం. అయితే ఏది దేనికి అడ్డొచ్చింది? వలలు ఆరేసుకునే, పడవలు లాగిపెట్టుకునే ఇసుకలోంచే కదా ఆ రోడ్డు పోయింది! యాభై ఏళ్ళు దాటిన సహజ మార్కెట్లను వారసత్వ మార్కెట్లుగా ప్రకటించాలని, అక్కడివాళ్ళను కదపకూడదని 2014 నాటి వీధి వ్యాపారుల చట్టమే చెబుతోంది. పాత కచేరీ భవనానికి, పాత గుడికి వారసత్వమనే మాట వెంటనే నోటికొస్తుంది. చేపల తట్ట దగ్గరికొచ్చేసరికి అది ఆక్రమణ అయిపోతుంది.

ఒడ్డునే ఎందుకు అమ్మాలంటారు, కాస్త దూరంగా అమ్మితే ఏం పోయిందంటారు. పోయేది ఐసు. కిలో చేపను 30 డిగ్రీల నుంచి సున్నాకు దించడానికే 300 గ్రాములకు పైగా ఐసు కరిగిపోతుంది. పెట్టె గోడల్లోంచి చొరబడే వేడి, మూత తీసినప్పుడల్లా పోయే చల్లదనం కలుపుకుంటే మన ఎండలకు కిలో చేపకు కిలో ఐసు లెక్క. ముప్పై కిలోల సరుకుకు ముప్పై కిలోల ఐసు, రెండూ పట్టాలంటే దాదాపు వంద లీటర్ల పెట్టె. దాని అడుగున నీళ్ళు పోయే రంధ్రం ఉండి తీరాలి, లేకపోతే కరిగిన నీళ్ళలో నాని చేప పొట్ట మెత్తబడి పగులుతుంది. కానాగంతల్లాంటివి చల్లదనం లేకుండా గంటల తరబడి ఉంటే హిస్టమిన్ అనే విషం పుడుతుంది. ఎంత ఉడికించినా అది పోదు. ఒంటినిండా దద్దుర్లొచ్చాక తిట్టేది అమ్మినావిడనే. పెద్ద బోట్ల సరుకుకు కాశిమేడు హార్బర్ ఉంది. చీకటితో వెళ్ళి పొద్దునకల్లా తిరిగొచ్చే ఫైబర్ పడవకు ఒడ్డే మార్కెట్. దూరం జరిపిన కొద్దీ ఐసు ఖర్చు, ఆటో ఖర్చు ఆవిడ నెత్తినే పడతాయి.

ఇక చేపల మార్కెట్లు కట్టే ఇంజనీర్లకు ఒక మాట. మీ ప్లాన్లలో ఎప్పుడూ కనపడని మనిషి చేప కోసే ఆమె. ఆమె నేల మీద కూర్చుని, కత్తిపీటను కాలితో తొక్కిపట్టి కోస్తుంది. నడుమెత్తు గ్రానైట్ గట్టు ఆమెకు దేనికి? కాలువ సంగతీ అంతే. నేల యాభై అడుగులకు అడుగు చొప్పున వాలుండాలి. కాలువ మూతి దగ్గర పైకి తీసి దులిపే జల్లెడ బుట్ట ఉండాలి, రద్దీ వేళ గంటకోసారి దాన్ని దులపాలి. మురుగు గొట్టంలో కలవకముందే పొలుసులు, పేగులు అడుక్కి దిగే తొట్టి ఒకటి ఉండాలి. ఆ జల్లెడ ఊడిపోయిందా, పొలుసులు గొట్టానికి అట్టకట్టి నీళ్ళు వెనక్కి తంతాయి. అప్పుడు ముక్కు మూసుకుని 'వీళ్ళింతే' అంటారు. జల్లెడ పెట్టనిది వాళ్ళా?

మేడల మీద వంకాయలు పెంచుకోమని సబ్సిడీ కిట్లిచ్చే రాష్ట్రమిది. పళ్ళికరణై చిత్తడి నేలకు 2022లో రాంసర్ అనే అంతర్జాతీయ గుర్తింపు తెచ్చుకున్నాం, దాని చుట్టుపక్కల వరి పండిన నేలల్లో టవర్లు లేపాం. 2023 డిసెంబరు వరదలో ఎన్నూరు క్రీక్ నిండా చమురు తేలితే చేతికి తొడుగైనా సరిగా లేకుండా దాన్ని ఎత్తిపోసింది అక్కడి మత్స్యకారులే. స్థానిక ఆహారం గురించి ఉపన్యాసాలకు మాత్రం కొదవ లేదు.

అన్నిటికన్నా భయపెట్టేది, ఇక్కడ జరిగింది రేపటికి నమూనా కావడం. వలలు ఆరేసే చోటు, పడవలు లాగే వాలు, తట్టలు దించే జాగా తీర ప్రాంత ప్రణాళిక పటంలో గీత గీసి చూపకపోతే అధికారి కంటికి అది ఖాళీ స్థలమే. ఇవాళ నొచ్చికుప్పం, రేపు బెసెంట్ నగర్ ఊరూరు కుప్పం. ప్రతిచోటా అదే సాకు, అదే శుభ్రత, అదే సుందరీకరణ. మత్స్యశాఖ, కార్పొరేషన్ కలిసి ఆ గీతలు గీసేదాకా ఒక్క తట్టనూ కదపకూడదన్నది మా మాట.

ఆదివారం పొద్దున టి.నగర్ నుంచి, పెరంబూరు నుంచి మనవాళ్ళూ అక్కడికే వెళ్తారు. కారు రోడ్డుకు సగం అడ్డంగా ఆపి, అద్దం దించి, వంజరం ధర వంద తగ్గించమని పావుగంట బేరమాడి, వెనక హారన్ మోగితే 'ఈ చేపలవాళ్ళతో రోడ్డంతా జామ్' అని విసుక్కునే పెద్దమనుషులారా, ముందు మీ కారు తీయండి.