నిషేధం శ్రీనగర్‌లో ఆగదు

జమ్మూ కశ్మీర్ హోంశాఖ 2025 ఆగస్టు 5న ఒక్క నోటిఫికేషన్‌తో 25 పుస్తకాల్ని జప్తు చేసిపారేసింది. కశ్మీర్‌కి ప్రత్యేక హోదా ఇచ్చిన ఆర్టికల్ 370 రద్దయి సరిగ్గా ఆరేళ్లు నిండిన రోజే ఈ ఆర్డర్ వచ్చింది, ఇది ఏదో అలా కలిసొచ్చిన తేదీ అంటే నమ్మడానికి మేం సిద్ధంగా లేం. దాల్ సరస్సు ఒడ్డున నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ల చినార్ బుక్ ఫెస్టివల్ నడుస్తుంటే అదే ఊళ్లో పోలీసులు షాపుల్లో దూరి అరలు వెతికారు. అరుంధతీ రాయ్, సుమంత్ర బోస్, అనురాధా భాసిన్ పుస్తకాలు ఆ లిస్టులో ఉన్న సంగతి అందరికీ తెలిసిందే. ఇవాళ మేం మాట్లాడేది అదే లిస్టులో ఉన్న ఇంకో పేరు గురించి, ఏ.జీ. నూరానీ, జప్తయింది ఆయన కశ్మీర్ మీద రాసిన పుస్తకం. ఆయన ఒక్క కశ్మీర్ గురించే రాసి ఊరుకోలేదు, మన గురించి కూడా రాశాడు.

నూరానీ ముంబై లాయరు, 2024 ఆగస్టులో చనిపోయాడు. అయోధ్య మీద, 370 మీద, ఆరెస్సెస్ మీద రాసినట్టే నిజాం హైదరాబాద్ సంస్థానం మీదికి భారత సైన్యం వచ్చిన 1948 పోలీస్ యాక్షన్ మీదా పెద్ద పుస్తకం రాశాడు, సుందర్‌లాల్ కమిటీ రిపోర్టుని అందులో అచ్చేశాడు. నెహ్రూ పంపితే ఆ కమిటీ 1948 నవంబర్ చివర్లో వచ్చి డిసెంబర్ 21 దాకా సంస్థానంలోని 16 జిల్లాల్లో 9 తిరిగింది. రజాకార్లు ఊరూరా నెలకింత అని ఎలా వసూలు చేశారో రాసింది, పోలీస్ యాక్షన్ టైంలో, ఆ తర్వాత ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ వైపు ముస్లింల మీద ఏం జరిగిందో కూడా రాసింది, తక్కువలో తక్కువ వేసుకున్నా 27 వేల నుంచి 40 వేల మంది పోయారని లెక్క చెప్పింది. ఆ రిపోర్టుని ఢిల్లీ దశాబ్దాల తరబడి తొక్కిపెట్టింది, అప్పుడున్నది కాంగ్రెస్ సర్కారే.

టెర్రరిజం నిజం, పహల్గాంలో 26 మంది ప్రాణాలు పోయింది 2025 ఏప్రిల్‌లోనే, భద్రత చూసుకోవాల్సిన బాధ్యత ప్రభుత్వానికి ఉంది అనే వాదన ఉంది, కాదనం. కానీ ఆక్స్‌ఫర్డ్, స్టాన్‌ఫర్డ్ అచ్చేసిన రీసెర్చ్ పుస్తకాలు చదివి ఎవడూ తుపాకీ పట్టలేదు.

మమ్మల్ని అసలు భయపెడుతున్నది ఈ ఆర్డర్ పెట్టిన ఒరవడి. కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 98 ఒకసారి చదవండి, పాత సీఆర్‌పీసీ 95కి కొత్త నంబర్ అంతే. ఒక రాష్ట్రం పుస్తకాన్ని జప్తు చేసినట్టు ప్రకటిస్తే భారతదేశంలో ఎక్కడ కాపీ కనపడినా పోలీసులు తీసుకుపోవచ్చు, మెజిస్ట్రేట్ వారంట్ ఇస్తే ఎస్సై స్థాయి అధికారి మీ ఇంట్లోకొచ్చి బీరువా వెతకొచ్చు. అంటే శ్రీనగర్‌లో పెట్టిన సంతకం ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుచుకునే మనిషి మీదా పనిచేస్తుంది, విజయవాడ బుక్ ఎగ్జిబిషన్ స్టాల్ మీదా పనిచేస్తుంది. కశ్మీర్ గొడవ మనకెందుకు అనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి బుర్రకెక్కించుకోవాలి.

ఇంకా ఘోరం ఏంటంటే జప్తు చేసేటప్పుడు కారణాలు చెప్పాలని చట్టంలోనే ఉంది. కారణాలు చెప్పని జప్తు చెల్లదని సుప్రీంకోర్టు 1961లోనే హర్నామ్ దాస్ కేసులో తేల్చింది. ఇప్పుడీ నోటిఫికేషన్లో ఏ పుస్తకంలో ఏ పేజీ, ఏ వాక్యం తప్పు అన్నది లేదు, చరిత్ర వక్రీకరణ, తప్పుడు కథనం, వేర్పాటువాదం అని 25 పుస్తకాలకీ కలిపి ఒకటే పాట. ఈ పాట చెల్లిపోతే ఇంక ఏ రాష్ట్రానికైనా ఏ పుస్తకానికైనా ఇదే సరిపోతుంది. సుందర్‌లాల్ రిపోర్టుని చరిత్ర వక్రీకరణ అనడానికి ఎంతసేపు పడుతుంది? తెలంగాణ సాయుధ పోరాటంలో 4,000 మంది దాకా చనిపోయారని సుందరయ్య రాసినదాన్ని భద్రతా దళాల్ని కించపరచడం అనడానికి ఎంతసేపు పడుతుంది?

ఇదేం ఊహ కాదు, 2009లో మాజీ కేంద్రమంత్రి జశ్వంత్ సింగ్ జిన్నా మీద రాస్తే పటేల్‌ని అవమానించాడని గుజరాత్ సర్కారు పుస్తకం విడుదలైన రెండు రోజులకే నిషేధించింది, సెప్టెంబర్ మొదట్లో హైకోర్టు కొట్టేసింది. పటేల్ పేరు లేకుండా హైదరాబాద్ చరిత్ర రాయగలరా ఎవరైనా? 2004లో శివాజీ మీద అమెరికా పండితుడు జేమ్స్ లేన్ రాసిన పుస్తకాన్ని కాంగ్రెస్, ఎన్సీపీ కలిసి నడిపిన మహారాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది, సుప్రీంకోర్టులో అది వీగిపోయేసరికి 2010 వచ్చింది. కోర్టులో గెలుస్తారు నిజమే, ఈలోపు ఆరేళ్లు పుస్తకం ఉండదు.

ఇంగ్లిష్ పుస్తకానికి పెద్ద పబ్లిషర్ ఉంటాడు, లాయర్లుంటారు. దాన్ని తెలుగులోకి తెచ్చే రచయితకి ఎవరున్నారు? మన దగ్గర జాతీయ రాజకీయాలూ స్థానిక చరిత్రా తెలుగు పాఠకుడి దాకా వస్తున్నాయంటే ఉర్దూ, ఇంగ్లిష్ కాగితాలు ముందేసుకుని ఉద్యోగం అయ్యాక రాత్రుళ్లు కూర్చుని అనువాదం చేసే కొద్దిమంది వల్ల వస్తున్నాయి, చాలామంది సొంత డబ్బుతో వేసుకుని తెలిసినవాళ్లకి అమ్ముకునేవాళ్లే. నిషేధాన్ని సవాల్ చేయాలంటే రెండు నెలల్లోపు హైకోర్టుకి పోవాలి, ముగ్గురు జడ్జిలు వినాలి. ఈ ఖర్చు వాళ్లెక్కడ భరిస్తారు? అందుకే వాళ్లు ముందే మానేస్తారు. ప్రభుత్వానికి నోటిఫికేషన్ ఇచ్చే పని కూడా ఉండదు, ఒరవడి చేసే నష్టం ఇదే, మళ్లీ మళ్లీ చెప్తున్నాం.

హైదరాబాద్ వచ్చి ఆ రిపోర్టు రాసిన పండిట్ సుందర్‌లాల్ పుస్తకాన్ని 1929లో బ్రిటిష్ వాళ్లు నిషేధించారు. కంపెనీ పాలన గురించి నిజాలు రాసినందుకు. ఆ చట్టం ఆలోచననే మనం నంబర్లు మార్చి ఇంకా మోస్తున్నాం, కొత్త న్యాయ సంహితలతో వలస చట్టాలకి చెల్లుచీటీ రాసేశామని పార్లమెంటులో గొప్పలు చెప్పుకున్నాక కూడా.

జమ్మూ కశ్మీర్ ప్రభుత్వం ఈ నోటిఫికేషన్ని వెంటనే వెనక్కి తీసుకోవాలి. హైదరాబాద్ సంస్థానం దేశంలో కలిసిన సెప్టెంబర్ 17 ఏటా వస్తుంది, విమోచనమని ఒకరు, సమైక్యత అని ఒకరు, ప్రజా పాలన అని ఇంకొకరు తలా ఒక జెండా ఎగరేస్తారు, అసలు చరిత్ర దాచేశారని గొంతు చించుకుంటారు. అయ్యా, దాచేసిన కాగితాన్ని బయటపెట్టిన మనిషి పుస్తకాన్నే ఇప్పుడు జప్తు చేశారు, దీని మీద మీరేమంటారు? కేంద్రంలో ఉన్నవాళ్లూ చెప్పాలి, 2004 మర్చిపోయిన కాంగ్రెస్ వాళ్లూ చెప్పాలి, ప్రాంతీయ పార్టీలూ చెప్పాలి. చెప్పకుండా 17న పరేడ్ గ్రౌండ్స్‌కో పబ్లిక్ గార్డెన్స్‌కో వచ్చి చరిత్ర మీద లెక్చర్లు ఇస్తామంటే వినాల్సిన ఖర్మ జనానికి లేదు.